ఉప్పునీటి గాలాల పెట్టె: తుప్పు వదిలించే పని డైరీ

శనివారం

తమ్ముడి చేపల వేట సామాన్ల పెట్టె ఇవాళ నా బల్ల మీదికి వచ్చింది. వాడు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళేలోపు అన్నీ బాగుచేసి ఇవ్వాలి. పెట్టె అడుగున నిలిచిన ఉప్పునీళ్ళు ఎండిపోయి తెల్లగా పొర కట్టాయి, ఆ పొర నిండా తుప్పు మరకలు. ఏ వస్తువు ఏ లోహమో తేల్చుకోకుండా అన్నిటినీ ఒకే బకెట్లో నానేస్తే బాగుపడేవాటికన్నా పాడయ్యేవే ఎక్కువ. అందుకని ఈ రోజంతా కుప్పలు వేయడంతోనే సరిపోయింది.

గాలాలు ఒక కుప్ప. ఇవి ఎక్కువ కార్బన్ ఉన్న ఉక్కు తీగను వంచి, గట్టిపరిచి, పైన తగరం గానీ నికెల్ గానీ పూత వేసినవి. ఆ పూత చెక్కుచెదరనంత కాలమే ఉక్కుకు రక్షణ. ఒక్క గీత పడిందంటే ఉప్పునీటిలో పూత భద్రంగానే ఉంటుంది, గీతలో బయటపడ్డ ఉక్కు మాత్రం మామూలుకన్నా వేగంగా తరిగిపోతుంది. గాలం ఒళ్ళంతా మెరుస్తూ ఉన్నా, రాళ్ళకు రాసుకున్న మొన దగ్గర, దారం కట్టే కన్ను దగ్గర ఎర్రటి గుంటలు కనిపించేది ఇందుకే. జింకు పూత తీరు దీనికి పూర్తిగా వేరు. గీత పడినా జింకు ముందు తాను కరిగి, పక్కనున్న ఇనుమును కాపాడుతుంది. లంగరు గొలుసుకు ఉన్నది ఈ పూతే.

ఒక లోహాన్ని బలిచ్చి ఇంకో లోహాన్ని కాపాడే ఈ పద్ధతిని ఓడల మీద పరీక్షించి చూసింది హంఫ్రీ డేవీ. 1824లో బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుగున ఉండే రాగి రేకులకు జింకు, ఇనుప ముక్కలు తగిలించాడు. రాగి తరిగిపోవడం ఆగింది. కానీ నీళ్ళలోకి రాగి కరగడం ఆగిపోవడంతో నత్తలు, నాచు ఓడ అడుగున పేరుకుపోయాయి. రెండు వందల ఏళ్ళ తర్వాత ఈ రోజుకీ పడవల అడుగున జింకు దిమ్మలు బిగిస్తున్నారంటే ఆ ఆలోచన ఎంత గట్టిదో తెలుస్తుంది.

కత్తి, ప్లయర్స్, దారం కత్తిరించే కత్తెర రెండో కుప్ప. మూడింటి మీదా స్టెయిన్‌లెస్ అనే రాసి ఉంది, మూడూ అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటున్నాయి. ఇందులో మోసమేమీ లేదు. పదును నిలవాలంటే ఉక్కులో కార్బన్ ఎక్కువ ఉండాలి, గట్టిపడాలి. 420 నంబరు ఉక్కు లాంటి ఆ రకాలు అయస్కాంతానికి అంటుతాయి, ఉప్పుకు తొందరగా లొంగుతాయి. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన ఉక్కు కూడా ఈ కుటుంబానిదే, కత్తులకు పనికొచ్చిన ఉక్కు అది. క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే స్టెయిన్‌లెస్ అనొచ్చు గానీ, సముద్రాన్ని తట్టుకోవడం వేరే సంగతి. 316 నంబరు రకం స్టెయిన్‌లెస్‌లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుపుతారు, ఉప్పుకు గుంటలు పడకుండా ఆపేది అదే. లూర్లకు, అంటే చేపలా కనిపించే నకిలీ ఎరలకు, గాలాలు తగిలించే చిన్న స్ప్లిట్ రింగులు చాలావరకు అయస్కాంతానికి అంటలేదు, వాటి మీద ఉన్నవి పైపై మరకలే.

దారం మెలిపడకుండా తిరిగే ఇత్తడి స్వివెల్స్‌కు పట్టింది తుప్పు కాదు, చిలుము. అవి పక్కన పెట్టాను. ఉత్త ఇనుప లంగరు, జింకు పూత గొలుసు, దారం చుట్టే రీలు, జిగ్‌లు అనే సీసం తలల గాలాలు. ఇంతటితో కుప్పలు అయిపోయాయి.

సీసం తలలవి విడిగా డబ్బాలో వేసి మూత పెట్టాను. తుప్పు వదలాలంటే వెనిగర్‌లో నానేయమని అందరూ చెబుతారు. సీసాన్ని వెనిగర్‌లో వేస్తే నీళ్ళలో కరిగే లెడ్ ఎసిటేట్ తయారవుతుంది. అది విషం. జిగ్ గాలానికి ఎంత తుప్పు పట్టినా సరే, దాన్ని ఏ యాసిడ్ నీళ్ళలోనూ ముంచకూడదు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఆదివారం

ఉప్పు వదిలించడం. ఈ మొత్తం పనిలో ఇదే అసలైనదని నా నమ్మకం.

తుప్పుకు నీళ్ళు, గాలి చాలు. కానీ మంచినీళ్ళలో తడిసి ఆరిన ఇనుముకూ, ఉప్పునీళ్ళలో తడిసి ఆరిన ఇనుముకూ చాలా తేడా ఉంది. సముద్రపు నీటిలో దాదాపు 3.5 శాతం ఉప్పు ఉంటుంది. నీళ్ళు ఆరిపోయాక కూడా ఆ ఉప్పు లోహం మీదే ఉండిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పే తేమను లాక్కుని నీరైపోతుంది. అంటే పొడిగా కనిపించే గాలం మీద, మూత వేసిన పెట్టెలో, రాత్రిపూట మళ్ళీ ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. పైగా ఉప్పులోని క్లోరైడ్ స్టెయిన్‌లెస్ మీదుండే పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొరను అక్కడక్కడ ఛేదిస్తుంది. ఒక గుంట పడ్డాక ఆ గుంట లోపల యాసిడ్ గుణం పెరుగుతుంది, క్లోరైడ్ అక్కడికే చేరుతుంది, గుంట లోతవుతూ పోతుంది.

అందుకని రుద్దడానికి ముందే నానబెట్టాను. రీలు, జిగ్‌లు తప్ప మిగతావన్నీ గోరువెచ్చని మంచినీళ్ళలో. నీళ్ళు మార్చి మళ్ళీ నానబెట్టడం, మళ్ళీ మార్చడం. కొళాయి కింద ఒకసారి పట్టి తీస్తే పైనున్న ఉప్పు పోతుంది గానీ, తుప్పు పొరల మధ్య, గుంటల అడుగున ఉన్నది పోదు. సముద్రంలోంచి తీసిన పాత ఇనుప వస్తువులను మ్యూజియంలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ద్రావణంలో ఉంచేది ఈ క్లోరైడ్‌ను లాగేయడానికే. మనకంత ఓపిక అవసరం లేదు, ఒక పూట చాలు. ప్లయర్స్ ఇరుసు దగ్గర నుంచి నీళ్ళు మార్చిన ప్రతిసారీ గోధుమరంగు నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

సోమవారం, రాత్రి

కత్తి, ప్లయర్స్, కత్తెర, స్ప్లిట్ రింగులు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్ళలో. లీటరు వేడినీళ్ళకు 50 గ్రాములు, అంటే సుమారు 5 శాతం. నాకు వెనిగర్‌కన్నా ఇదే నచ్చుతుంది. ఘాటు వాసన ఉండదు, బలం కచ్చితంగా తెలుస్తుంది, ఇనుమును పట్టుకుని ద్రావణంలోనే ఉంచే గుణం నిమ్మ ఉప్పుకు బాగా ఉంది. స్టెయిన్‌లెస్‌కు ఇంకో లాభం కూడా ఉంది. పైన అంటుకున్న ఇనుప రేణువులను కరిగించి, క్రోమియం పొర మళ్ళీ చక్కగా ఏర్పడేలా చేస్తుంది. కర్మాగారాల్లో స్టెయిన్‌లెస్ భాగాలకు ఇదే పనిని 4 నుంచి 10 శాతం నిమ్మ ఉప్పు ద్రావణంతో చేస్తారు.

స్ప్లిట్ రింగులు కాసేపట్లోనే తేటపడ్డాయి, తీసేశాను. కత్తిని ఇంకొంతసేపు ఉంచాను. మధ్యమధ్యలో తీసి పాత టూత్ బ్రష్‌తో రుద్దుతూ ఉండడం మంచిది, ఎప్పుడు ఆపాలో అప్పుడే తెలుస్తుంది. తుప్పు కరిగిపోయాక యాసిడ్ ఊరుకోదు, మంచి ఉక్కును తినడం మొదలుపెడుతుంది. కత్తి అంచు పల్చన కాబట్టి ముందు పోయేది పదునే. కత్తి ఒళ్ళంతా నల్లటి మసిలాంటి పొర వచ్చింది. ఉక్కు పైపొర కరిగాక మిగిలిన కార్బన్ అది, బట్టతో తుడిస్తే పోతుంది.

బయటికి తీసిన వెంటనే వంట సోడా కలిపిన నీళ్ళలో ముంచి, మంచినీళ్ళలో కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, వెచ్చగా ఉండగానే నూనె పట్టించాను. ఈ వరసలో ఎక్కడా ఆగకూడదు. యాసిడ్ నుంచి తీసిన ఉక్కు మీద ఏ పొరా ఉండదు, నిమిషాల్లోనే నారింజ రంగు పొడలాగా కొత్త తుప్పు వచ్చేస్తుంది.

ప్లయర్స్ ఇంకా కదలడం లేదు. ఇరుసులో పల్చటి పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి పక్కన పెట్టాను. బలవంతం చేస్తే రివెట్ వదులవుతుంది, ఇక ఆ ప్లయర్స్ ఎప్పటికీ సరిగా పట్టవు.

మంగళవారం

ప్లయర్స్ కొంచెం కదిలాయి. మళ్ళీ నూనె. కదిపిన కొద్దీ ఇరుసులోంచి ఎర్రటి బురద వస్తోంది, దాన్ని తుడిచేస్తూ నూనె తేటగా వచ్చేదాకా చేశాను. సాయంత్రానికి ఒంటి చేత్తో తెరుచుకుంటున్నాయి.

బుధవారం

లంగరు. నాలుగు కొమ్ములది, ఉత్త ఇనుము, తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. ఇంత మందాన్ని నానబెట్టి కరిగించాలంటే చాలా నిమ్మ ఉప్పు కావాలి. కరెంటు పద్ధతి పెట్టాను.

పెద్ద ప్లాస్టిక్ టబ్బు, 4 లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చొప్పున చాకలి సోడా. చుట్టూ పాత ఇనుప కడ్డీలు నిలబెట్టి, వాటన్నిటినీ తీగతో కలిపి 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ పాజిటివ్‌కు తగిలించాను. లంగరుకు నెగెటివ్. కడ్డీలు, లంగరు ఒకదానికొకటి తగలకూడదు. స్విచ్ వేసిన కాసేపటికే లంగరు నుంచి సన్నటి బుడగలు మొదలయ్యాయి. ఆ బుడగలు హైడ్రోజన్, అందుకే ఈ పని ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. తీగలు సర్దాలంటే ముందు స్విచ్ ఆపాలి.

రెండు విషయాల్లో ఎవరి మాటా వినొద్దు. కడ్డీలకు బదులు స్టెయిన్‌లెస్ స్పూన్లు, గిన్నెలు పెట్టకూడదు, వాటిలోని క్రోమియం విషపు రూపంలో నీళ్ళలోకి వస్తుంది. కరెంటు బాగా పారుతుందని సోడాకు బదులు ఉప్పు వేయకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. ఆదివారం లంగరును కూడా మంచినీళ్ళలో నానబెట్టడానికి ఇది మరో కారణం. అల్యూమినియం వస్తువు ఏదీ ఈ టబ్బులోకి రాకూడదు, సోడా నీళ్ళు దాన్ని కరిగించేస్తాయి.

ఈ పద్ధతి మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం ఉంది. యాసిడ్‌లా మంచి ఇనుమును తినదు. లంగరు నెగెటివ్ వైపు ఉంది కాబట్టి గుంటల్లోని క్లోరైడ్ కూడా బయటి కడ్డీల వైపు జరుగుతుంది. తుప్పుతోపాటు ఉప్పునూ లాగే పద్ధతి ఇంట్లో చేసుకోగలిగేది ఇదొక్కటే.

సాయంత్రం తీస్తే పెచ్చులన్నీ మెత్తబడి నల్లటి బురదగా మారాయి. వైర్ బ్రష్‌కు రాలిపోయాయి. ఒక కొమ్ము మొదట్లో అతుకు దగ్గర లోతైన గుంట బయటపడింది. దాని మందం ఇంకా సరిపోతుంది, ఫొటో తీసి పెట్టాను, వచ్చేసారి పోల్చి చూడాలి.

గొలుసును ఈ టబ్బులో వేయలేదు, నిమ్మ ఉప్పులోనూ వేయలేదు. రెండూ జింకును తింటాయి. తుప్పు కనిపించిన లంకెలను మాత్రం బ్రష్‌తో రుద్ది, జింకు పొడి ఎక్కువగా ఉండే పెయింటు పూశాను.

గురువారం

గాలాల రోజు. తమ్ముడు పక్కనే కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఇవన్నీ పారేస్తావా? కొంచెం రుద్దితే పోతుంది కదా, నిమ్మ ఉప్పులో వేసెయ్."

"తుప్పు పోతుందిరా. గాలం నిలబడుతుందని చెప్పలేను."

వాడికి కోపం వచ్చింది గానీ, వివరంగా చెబితే విన్నాడు. యాసిడ్ ఇనుముతో కలిసినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. అందులో కొంత ఉక్కు లోపలికే దూరుతుంది. లంగరు లాంటి మెత్తటి ఇనుముకు దాంతో నష్టం లేదు. గాలం అలా కాదు, అది బాగా గట్టిపరిచిన ఉక్కు. హైడ్రోజన్ చేరితే పెళుసుబారి, చేప గుంజినప్పుడు వంగకుండా పుటుక్కున విరుగుతుంది. చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కర్మాగారాల్లో ఇలాంటి భాగాలను పూత వేసిన కొద్ది గంటల్లోనే సుమారు 200 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి హైడ్రోజన్‌ను వెళ్ళగొడతారు. ఒక్క గాలం కోసం ఇంట్లో అంత చేయడం దండగ. రీలులోని స్ప్రింగులకూ ఇదే వర్తిస్తుంది, వాటిని యాసిడ్‌లో ముంచకూడదు, కరెంటు టబ్బులోనూ వేయకూడదు.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకున్నాం. మొన మీద పైపై మరక ఉంటే ఇత్తడి బ్రష్‌తో రుద్ది, సన్నటి ఆకురాయితో మొన సరిచేసి, నూనె తుడుపు. వంపులో గానీ, కన్ను దగ్గర గానీ గోటికి తగిలే గుంట ఉంటే నేరుగా చెత్తలోకి. బలమంతా పడేది వంపు మీదే. కన్ను లోపలి గరుకు దారాన్ని కోసేస్తుంది, చాలామంది దారం నాసిరకమని అనుకుంటారు. లూర్లకున్న మూడు ముళ్ళ గాలాలు చాలావరకు పోయాయి, స్ప్లిట్ రింగులు బాగున్నాయి కాబట్టి కొత్త గాలాలు తగిలించాం. తీసేసిన వాటిని మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించాను, చెత్త ఎత్తేవాళ్ళ చేతికి గుచ్చుకోకూడదు.

"ఎరకు తగిలేచోట నూనె వాసన ఉంటే నేను వాడను" అన్నాడు వాడు. సరే, లూర్ల గాలాలకు వాసన లేని మినరల్ ఆయిల్ ఒక్క తుడుపు, అంతే.

శుక్రవారం

రీలు. బయటికి చాలా బాగుంది. పక్క మూత విప్పితే లోపల గ్రీజు చుట్టూ ఉప్పు స్ఫటికాలు. పెద్ద ధారతో కడిగితే ఇలాగే అవుతుంది, నీటి ఒత్తిడి బయటి ఉప్పును సీళ్ళు దాటించి లోపలికి నెడుతుంది. కడిగే ముందు డ్రాగ్ (చేప గుంజినప్పుడు దారాన్ని ఆపే రీలు బ్రేకు) పూర్తిగా బిగించాలి, అప్పుడు వాషర్ల మధ్యకు నీళ్ళు వెళ్ళవు. పైన తుంపరలా నీళ్ళు చల్లి, తుడిచి, ఆరాక డ్రాగ్ వదులు చేసి దాచాలి. బిగించి ఉంచితే వాషర్లు అణిగిపోతాయి.

పాత గ్రీజంతా తుడిచేశాను. బేరింగులు తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఊపి కడిగాను. వేలి మీద తిప్పితే ఒకటి గరగరమంటోంది. బేరింగ్‌కు తుప్పు తీయడం అనేది లేదు. గోళీల మీద గుంట పడ్డాక ఎంత కడిగినా ఆ గుంట అక్కడే ఉంటుంది, మార్చేయడమే. మిగతావాటికి పల్చటి నూనె ఒక్కొక్క చుక్క. పళ్ళ చక్రాలకు మెరైన్ గ్రీజు.

అసలు ఇబ్బంది స్క్రూల దగ్గర వచ్చింది. రీలు ఒళ్ళు అల్యూమినియం, స్క్రూలు స్టెయిన్‌లెస్. రెండూ తగిలి మధ్యలో ఉప్పునీళ్ళు చేరితే అల్యూమినియం బలవుతుంది, తెల్లటి పొడిగా మారి స్క్రూను కరిచి పట్టుకుంటుంది. ఒకటి కదల్లేదు. నూనె పోసి, టంకం వేసే ఐరన్ మొనతో స్క్రూ తలను వేడిచేసి, చల్లారాక ప్రయత్నిస్తే వచ్చింది. తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్క్రూ మరలకూ, మళ్ళీ పట్టేయకుండా, యాంటీ సీజ్ పేస్టు పూశాను.

గాలం కర్ర (రాడ్) మీద దారం దూరి వెళ్ళే రింగులు కూడా ఇవాళే చూశాను. ప్రతి రింగులో దూది పుల్ల తిప్పాను, పగులుంటే దూది పోగులు చిక్కుకుంటాయి. ఎక్కడా చిక్కలేదు. రింగు కాళ్ళు దారం చుట్టు కిందికి దూరేచోట గోధుమరంగు గీతలున్నాయి. అక్కడ ఉప్పు దాక్కుంటుంది, గాలి ఆడదు కాబట్టి స్టెయిన్‌లెస్ పొర మళ్ళీ ఏర్పడదు. తడి బట్టతో చాలాసార్లు తుడిచి, ఆరబెట్టి, మైనం పట్టించాను.

మరుసటి వారం

పూతల పరీక్ష ఫలితం వచ్చింది. లంగరు పని జరుగుతుండగానే ఒకే రకం ఇనుప వాషర్లు తీసుకుని, పూత తీసేసి, ఒక్కోదానికి ఒక్కో రక్షణ ఇచ్చి, ఉప్పునీళ్ళు చల్లి నీడలో వేలాడదీశాను. ఏమీ రాయనిది మర్నాటికే ఎర్రబడింది. నీటిని తరిమే పల్చటి స్ప్రే కొట్టినది దాని తర్వాత. అది తడిని తోసేయడానికి మంచిది, కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరయ్యే ద్రావకమే, మిగిలే పొర చాలా పల్చన. కుట్టుమిషన్ నూనె ఇంకొంత ఆగింది. లానోలిన్ రాసినది, గ్రీజు రాసినది ఇంకా శుభ్రంగా ఉన్నాయి. లానోలిన్ గొర్రె ఉన్ని నుంచి వచ్చే జిడ్డు, లోహానికి అంటిపెట్టుకుంటుంది, నీళ్ళకు కొట్టుకుపోదు. జిగటగా ఉంటుంది కాబట్టి ఇసుక అంటుతుంది, రీలు లోపలికి పనికిరాదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఇంకో జత. రెండూ తుప్పు పట్టిన పాత వాషర్లు, రెండింటినీ నిమ్మ ఉప్పుతో తెల్లగా చేసి ఒకే నూనె రాశాను. ఒకదాన్ని మాత్రమే ముందుగా మంచినీళ్ళు మార్చి మార్చి నానబెట్టాను. నానబెట్టనిదానికి నూనె కింద నుంచే గుంటల్లో చుక్కలు చుక్కలుగా తుప్పు లేచింది. రెండోది అలాగే ఉంది. తమ్ముడికి ఈ రెండూ చేతిలో పెట్టి చూపించాను.

పెట్టె సర్దడం ఇలా అయింది. వాడిన లూర్లు, వాడనివి వేరువేరు అరల్లో. తడిసిన ఒక్క గాలం కొత్తవాటి మధ్య పడితే చాలు, అర మొత్తానికి ఉప్పు అంటుతుంది. స్పాంజి, తోలు తొడుగు తీసేశాం, రెండూ ఉప్పునీటిని పీల్చుకుని ఉంచుతాయి. కత్తిని కూడా తొడుగులో పెట్టి దాచొద్దని చెప్పాను. ప్రతి అరలో సిలికా జెల్ పొట్లం. రంగు మారాక సుమారు 120 డిగ్రీల వేడిలో ఆరబెడితే మళ్ళీ పనికొస్తుంది. ఆరంజ్ రంగుదే కొన్నాను, నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. పొట్లాలు పనిచేయాలంటే మూత గాలి చొరకుండా పట్టాలి, లోపలికి వెళ్ళే వస్తువు ముందే పొడిగా ఉండాలి. తడి సామాను వేసి మూత పెడితే సిలికా జెల్ ఒక్క రాత్రిలో నిండిపోతుంది.

లంగరుకు ప్రైమర్ ఒక పూత అయింది, రెండోది మిగిలింది. రీలుకు కొత్త బేరింగ్ రావాలి, పాతదాని లోపలి, బయటి వ్యాసాలు, మందం కొలిచి రాసుకున్నాను.